చెంబెడు నీళ్లు

చింతధాబలో తెలుగు చదవడం వచ్చినవాడు రామకిషన్ సేటు ఒక్కడేనని ఊరంతా నమ్మింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా! మహారాష్ట్రలో రాజురా తాలూకా కొసన, వాగు దాటితే ఆదిలాబాద్ జిల్లా వచ్చే చోట ఉంది ఆ ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. పిల్లలు అమ్మను తెలుగులో అన్నం అడిగి, పలక మీద మరాఠీ రాస్తారు. మరి వాగవతలి చుట్టాల నుంచి తెలుగులో పెళ్లి పత్రిక వస్తే? పట్టుకెళ్లి సేటు కిరాణా దుకాణంలో ఇస్తారు. సేటు తూకం ఆపి, కళ్లద్దాలు సర్దుకుని, పత్రికను కాస్త దూరంగా పట్టుకుని చదివేస్తాడు.

చదివేస్తాడని ఊరు అనుకుంటుంది. అసలు సంగతి వేరు. ఆసిఫాబాద్‌లో పుట్టిన రామకిషన్ రెండో తరగతి సగంలో ఉండగా మేనమామ తీసుకొచ్చి ఈ దుకాణంలో కూర్చోబెట్టాడు. అక్షరాలు వచ్చు. గుణింతం సగం వచ్చు. ఒత్తులు తగిలాయంటే మాత్రం బండి వాగు ఇసుకలో దిగబడ్డట్టే. అయినా పెళ్లి పత్రికలో ఏముంటుంది? తెచ్చినవాడే 'మా మరదలి బిడ్డ పెండ్లి సేటూ' అని ముందే చెప్పేస్తాడు. ఇక మిగిలేది తేదీ. దానికి అంకెలు వస్తే చాలు. ఈ గుట్టు ఆయన భార్య సరోజ ఒక్కదానికే తెలుసు. "ఏదో ఒకనాడు దొరుకుతవ్ సూడు" అని నవ్వేది.

ఆమె నవ్వుతూ అన్న రోజు దిండి రూపంలో వచ్చింది.

గ్రంథదిండి అంటే మరాఠీవాళ్ల ఆచారం. పల్లకిలో దేవుడి బదులు పుస్తకాలు పెట్టి, తాళాలు వాయిస్తూ ఊరేగిస్తారు. ఈ ఊళ్లో పుట్టి, హైదరాబాద్‌లో స్థిరపడి, తెలుగులో గొప్ప కథకుడని పేరు మోసిన అనంతరావు పోయి రెండేళ్లయింది. మన మనిషికి మనమే దిండి తీయకపోతే ఎట్లా అని సర్పంచ్ బాపయ్య పట్టుబట్టాడు. బాపయ్య అనంతరావు రాసింది ఒక్క ముక్క చదవలేదు. ఆ మాటకొస్తే ఊళ్లో ఎవరూ చదవలేదు. కానీ కొత్తగా పెట్టించుకున్న డిష్షులో, తెలుగు చానెల్ వార్తల్లో, ఆయన చావు కబురుతో పాటు 'చింతధాబ' అనే పేరు వినపడింది. ఆ ఒక్క మాటకు ఊరు నెలరోజులు పొంగిపోయింది. ఘుగ్గుస్ బొగ్గు గనిలో పనికి పోయిన కుర్రాళ్లు కూడా, మా ఊరు టీవీలో వచ్చిందని అక్కడ చెప్పుకుని తిరిగారు.

మారుతి గుడి నుంచి బయలుదేరి, అనంతరావు పుట్టిన ఇంటి మీదుగా చావడి దాకా దిండి పోవాలి. ఇంటి మీదుగానే సుమా, ఇంటి ముందు ఆగడం లేదు! ఆ ఇంట్లో ఉంటున్న అనంతరావు అక్క గౌరమ్మ ఒప్పుకోలేదు. "పోవాల్నంటే పోండ్రి. తొవ్వ ఊరిది, నేనొద్దన. గడప నాది. నా గడప ముందట వాని పల్లకి ఆగిందంటే మంచిగుండదు" అని బాపయ్య ముఖం మీదే చెప్పింది.

ఆ మాట విన్నప్పటి నుంచి రామకిషన్‌కు కంటి మీద కునుకు లేదు. ఎందుకంటారా? చెప్తా వినండి.

అనంతరావు కుర్రతనంలో ఒక కథ రాశాడు. కరువు ఏడాది వాళ్లమ్మ పటేలు చేనులో రాలిన జొన్న కంకులు ఏరుకుంటూ పట్టుబడి, చావడి ముందు నిలబడ్డ కథ. అమ్మ పేరు కూడా మార్చలేదు. వాగవతలి చుట్టం ఎవడో అది పత్రికలో చదివి, ఒక పెళ్లిలో భోజనాల దగ్గర అందరూ వింటుండగా చెప్పి నవ్వాడు. గౌరమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. తర్వాత తమ్ముడు సెలవులకు సంచి పట్టుకుని వస్తే వాకిట్లోనే ఆపింది. "పస్తులుండి దాసుకున్న ఇజ్జత్‌ను పేపర్ల పెట్టినవ్. నేను బతికున్నన్ని దినాలు ఈ గడప తొక్కకు" అంది. దూరం నుంచి వచ్చినవాళ్ల కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసి లోపలికి పిలవడం అక్కడి మర్యాద. తోడబుట్టినవాడికి ఆ చెంబెడు నీళ్లు కూడా పోయలేదు ఆమె. అతను కాసేపు నిలబడి, వచ్చిన దారినే పోయాడు.

కొన్నేళ్లకు బస్సు కండక్టర్ చేతికిచ్చి ఒక పుస్తకం పంపాడు. గౌరమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని మధ్యాహ్నం పూట దుకాణానికి వచ్చింది. అప్పుడప్పుడే మేనమామ పోయి గల్లా మీద కూర్చున్న రామకిషన్, అప్పుడప్పుడే 'సేటు' అనిపించుకుంటున్నాడు. చుట్టూ గిరాకీ.

"కిషనూ, అనంతం పుస్తకం పంపిండు. తప్పైందని ఎక్కడన్న రాసిండా సూడు. గా ఒక్క మాట ఉన్నదా లేదా చెప్పు, చాలు" అంది.

రామకిషన్ పుస్తకం తెరిచాడు. పేజీ నిండా చీమల బారుల్లా అక్షరాలు, ఒకదాని కింద ఒకటి ఒత్తులు. 'నాకు రాదక్కా' అని ఒక్క మాట అంటే పోయేది. కానీ నూనె సీసా పట్టుకున్నవాళ్లు, బెల్లం అడిగినవాళ్లు అందరూ తననే చూస్తున్నారు. పేజీలు తిప్పాడు. పెదవులు కదిపాడు. ఒక పేజీలో 'అక్క' అనే మాట ఆయనకు అందింది. అది రెండో తరగతి మాటే కదా! ఆ ఒక్క పేజీలోనే ఎన్నిసార్లు ఉందో! అయినా పుస్తకం మూసేశాడు.

"లేదు గౌరక్కా. వాగులు, చెట్లు, ఎడ్లబండ్ల ముచ్చట్లున్నయ్."

"మంచిగ సదివినవా?"

"సదివిన."

గౌరమ్మ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. పుస్తకం కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఏ కాగితమూ చదవమని ఆయన దగ్గరికి తేలేదు. అనంతరావుకు పేరొచ్చింది, శాలువాలు కప్పారు, ముసలివాడయ్యాడు, పోయాడు. ఊరికి రానే లేదు. 'అక్క' అన్న ఆ మాట మాత్రం రామకిషన్‌కు గొంతులో చేపముల్లులా నిలిచిపోయింది. ఏం రాసి ఉంటాడు? తిట్టే రాశాడేమోలే! తిట్టినా అక్క అనే తిడతాడు కదా! ఇట్లా తనకు తాను సర్ది చెప్పుకుంటూ ఇన్నేళ్లు బతుకు నెట్టుకొచ్చాడు.

దిండి రోజు పొద్దున బాపయ్య పల్లకి ముందు కొమ్ము తెచ్చి రామకిషన్ భుజం మీద పెట్టాడు. "తెలుగు సదువుకున్నోనివి, ముందట నువ్వే ఉండాలె సేటూ. చావడికాడ ఒక పేజీ గూడ నువ్వే సదవాలె. మైకు పెట్టిచ్చిన" అన్నాడు. గుమ్మడికాయల దొంగకు భుజాలు తడుముకునే వీలు కూడా లేకుండా, ఆ భుజం మీదికే మోత ఎక్కింది.

తాళాలు మోగాయి. బడిపిల్లలు గలగలలాడే బిళ్లల లేజిమ్‌లు ఊపుతూ, ఆడుతూ ముందు నడిచారు. పల్లకిలో ఎర్ర గుడ్డ మీద పుస్తకం, పైన బంతిపూలు. పుస్తకాన్ని ఆదిలాబాద్ నుంచి తెచ్చింది ప్రజ్ఞ మేడం. అక్కడి కాలేజీలో తెలుగు చెప్తుంది. సన్నగా, చురుగ్గా ఉంది. ఎండకు కొంగు తల మీద కప్పుకుని రామకిషన్ పక్కనే నడుస్తోంది. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు చెంబులతో ఎదురొచ్చి, పల్లకి మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి, కళ్లకద్దుకుంటున్నారు. ఒక్కొక్క చెంబు పడుతుంటే రామకిషన్ కుంచించుకుపోతున్నాడు. ఈ కాళ్లకా మొక్కుతారు, దేవుడా!

"రామకిషన్ గారూ, చావడి దగ్గర మీరే చదువుతారట కదా" అంది ప్రజ్ఞ. "ఏ కథ అనుకున్నారు?"

"మీరే చెప్పుండ్రి మేడం" అన్నాడు.

"అయితే 'గడప' కథే చదవాలి. ఇంకో ఆలోచనే వద్దు. వాళ్లక్కయ్యను క్షమించమని అడిగిన కథ అది. మా పిల్లలకు చెప్పినప్పుడు క్లాసులో ఏడవనివాళ్లు లేరు." ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. "మొదటి కాపీ అక్కయ్యకే పంపారట. ఇవాళ ఆ ఇంటి ముందు ఎందుకు ఆగడం లేదో నాకు అర్థం కాలేదండీ. కోపం అని బాపయ్య గారన్నారు. అది చదివాక కూడా కోపమేనా?"

రామకిషన్ అడుగు తడబడింది. పల్లకి ఒక పక్కకు ఒరిగింది. వెనకవాళ్లు "సంభాల్ సేటూ!" అని అరిచారు.

"ఆయన ఒకసారి మా కాలేజీకి వచ్చారు" అంది ప్రజ్ఞ. "మీ ఊరు ఇక్కడికి దగ్గరే కదా సార్, ఒకసారి వెళ్లొస్తారా, బండి మాట్లాడమంటారా అని అడిగాను. 'కబురు రాలేదమ్మా' అన్నారు. ఆ రోజు భోజనం కూడా సరిగ్గా చేయలేదు."

కబురు రాలేదు! ఎట్లా వస్తుంది? కబురు పంపాల్సిన మనిషి గల్లా ముందు నిలబడి ఒకే ఒక్క మాట అడిగితే, లేదని చెప్పింది ఎవడు? ఇన్నాళ్లూ తన చదువు గుట్టు బయటపడుతుందనే భయపడ్డాడు రామకిషన్. ఛీ, అదీ ఒక భయమేనా! అక్కడ హైదరాబాద్‌లో ఒకడు కబురు కోసం చూసీ చూసీ పోయాడు. ఇక్కడ ఒకామె తప్పైందన్న మాట కోసం చూసీ చూసీ రాయైపోయింది. నడుమ తాను బెల్లం తూచుకుంటూ కూర్చున్నాడు.

దారిలో తన ఇల్లే వచ్చింది. సరోజ చెంబుతో ఎదురొచ్చింది. నీళ్లు పోయబోతూ మొగుడి ముఖం చూసి ఆగింది.

"మొకం గట్లున్నదేంది? ఎండ కొట్టిందా?"

"రాసిండంట" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవలు? ఏం రాసిండు?"

"అనంతరావు. తప్పైందని. గౌరక్క అడిగిన మాట."

సరోజకు ఆ ముచ్చట తెలుసు. ఆ రోజు దుకాణం వెనక గదిలో నుంచి ఆమే విన్నది. చెంబులో నీళ్లు నెమ్మదిగా ఆయన కాళ్ల మీద వంచింది. "అక్కతోని చెప్తవా, చెప్పవా?" అంది.

"మనిషే పోయినంక చెప్తే ఏం ఫాయిద? ముసల్ది. ఉన్న నాలుగు దినాలు ఏడుసుకుంట బతకాల్నా?"

"ఫాయిద దుకాణంల సూసుకో" అంది సరోజ. చెంబు చంకన పెట్టుకుని లోపలికి పోయింది.

ఇక మిగిలింది ఒక్క సందు. మలుపు తిరిగితే గౌరమ్మ ఇల్లు. ఆ సందులో రామకిషన్ తనతో తాను ఎన్ని బేరాలాడాడో! ఆగొద్దని ఆమే అంది కదా, ఆమె మాట ప్రకారం పోదాం అనుకున్నాడు. జనం లేనప్పుడు ఒంటరిగా వచ్చి చెప్దాం అనుకున్నాడు. ఒంటరిగా వస్తాడా? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఒంటరిగా దొరకలేదు ఆమె! తన మనసు తనకు తెలియదా! అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూనే మలుపు తిరిగాడు.

గూనపెంకుల చిన్న ఇల్లు. సున్నం కొట్టిన గోడ, నీలం తలుపు, పసుపు రాసిన గడప. తలుపు తీసే ఉంది. లోపల గౌరమ్మ వీధికి వీపు పెట్టి కూర్చుని, చాటలో కందిపప్పు ఏరుతోంది. తాళాలు దగ్గరికొచ్చినా తల తిప్పలేదు. బాపయ్య చెయ్యి ఊపాడు, ఆగకుండా పొమ్మని. లేజిమ్ పిల్లలు దాటారు. పల్లకి దాటుతోంది. రామకిషన్ కూడా ఆ ఇల్లు దాటి ముందుకు పోయాడు. చాటలో పప్పు గలగలమన్న చప్పుడు చెవిన పడింది. అప్పుడు ఆయన కాళ్లు ఆగిపోయాయి. వంగి పల్లకి కొమ్మును నేల మీద దించేశాడు.

"ఏయ్ సేటూ, ఏం జేస్తున్నవే! నడువు, నడువు!" అని బాపయ్య పరుగెత్తుకొచ్చాడు.

గౌరమ్మ లేచి తలుపులోకి వచ్చింది. నడుం వంగినా గొంతు వంగలేదు. "ఆగొద్దన్న గదరా బాపయ్యా! నా మాటకు గీమాత్రం ఇలువ లేదా?"

"నేనే ఆపిన గౌరక్కా" అన్నాడు రామకిషన్. "రాసిండక్కా. అనంతన్న రాసిండు. తప్పైందని గా పుస్తకంలనే రాసిండు. నువ్వు నా దగ్గరికి తెచ్చిన పుస్తకంలనే. నేను సదవలే. నాకు సదవరాదక్కా. ఎన్నడు రాదు. నలుగురి ముందట ఇజ్జత్ పోతదని లేదని చెప్పిన."

తాళాలు ఆగిపోయాయి. పెళ్లి పత్రికలు చదివించుకున్న ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. ఎవరో నవ్వబోయి మింగేశారు.

గౌరమ్మ తలుపు చెక్క పట్టుకుంది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"నీకు రాదని నాకెరుకే కిషనూ" అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"నువ్వు పేజీలు తిప్పుతుంటే నేను నీ కండ్లనే సూసిన. పెదవులు కదిలినయ్ గని కండ్లు కదల్లే. గప్పుడే తెల్సింది. ఎరుకై గూడ నీ మాటనే పట్టుకొని ఇంటికొచ్చిన. ఆసిఫాబాద్ మోటరెక్కితే సదివెటోళ్లు దొరకరా? నేను పోలే. లేదు అని ఎవలో ఒకలు చెప్పాలె నాకు. ఉన్నదంటే కోపం ఇడువాలె గద! అమ్మ పోయినంక నాకు మిగిలింది గా కోపమొక్కటే. దాన్ని ఎట్ల ఇడుద్దు?"

గౌరమ్మ ప్రజ్ఞ వైపు తిరిగింది. "నీకు సదవొస్తదా బిడ్డా?"

"వస్తుందమ్మా."

"ఏం రాసిండో సదువు. ఉన్నదే సదువు. నా కోసమని మార్చకు."

ప్రజ్ఞ బంతిపూలు పక్కకు జరిపి పుస్తకం తీసింది. పేజీ వెతకాల్సిన పని పడలేదు.

"అక్కా, అమ్మ ఆకలిని నేను బజారులో పెట్టాను. తప్పు నాదే. వాకిట్లో నిలబెట్టి నువ్వు నాకు చెంబెడు నీళ్లు పోయలేదు. నువ్వు చేసింది న్యాయం. నీ కోపం తీరిన రోజు ఒక్క కబురు పంపు. మొదటి బస్సుకే వస్తాను. నువ్వు నా కాళ్ల మీద నీళ్లు పోసి పిలిస్తేనే గడప దాటుతాను. అంతదాకా మన ఊరి పొలిమేర తొక్కను."

చదవడం అయింది. గౌరమ్మ లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంటుందేమో అనుకున్నారు. కాగులో చెంబు ముంచిన చప్పుడు వినిపించింది. నిండు చెంబుతో గడప దగ్గరికొచ్చి నిలబడింది. పల్లకి వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది, చుట్టూ చూసింది. నీళ్లు ఎక్కడ పోయాలో ఆమెకు తోచలేదు.

"పుస్తకం మీద పోస్తే తడుస్తదక్కా" అన్నాడు బాపయ్య మెల్లగా.

"తెల్సురా. గంత పిచ్చిదాన్నా నేను!" ఆమె గిరుక్కున తిరిగేసరికి చెంబు అంచు నుంచి నీళ్లు చీర మీద ఒలికాయి. "కిషనూ, పుస్తకం పట్టుకో. కాళ్లు ముందటికి పెట్టు."

రామకిషన్ వెనక్కి జరిగాడు. "నా కాళ్ల మీదనా? వద్దు గౌరక్కా, నీ కాళ్లు మొక్కుత. ఇంకెవలన్న పట్టుకుంటరు. మేడం ఉన్నది, బాపయ్య ఉన్నడు."

"వాళ్లెందుకు? వాన్ని రాకుంట ఆపింది నువ్వు, నేను. వానికి ఇప్పుడు కాళ్లు లెవ్వు. నీకున్నయ్. తీస్కరా."

ప్రజ్ఞ పుస్తకాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. రామకిషన్ పాదాలు ముందుకు జరిపాడు. ఊరంతా నీళ్లు పోస్తే తడిసిన పాదాలు, దారి దుమ్ముకు మళ్లీ బురదయ్యాయి. గౌరమ్మ వంగి, తొందర లేకుండా, చెంబులో నీళ్లన్నీ వాటి మీద పోసింది. కుడి పాదం మీద బురద పోలేదని అరచేత్తో రుద్ది కడిగింది. రామకిషన్ కళ్లు మూసుకున్నాడు. ఆ చెంబుతో నెత్తిన ఒక్కటి వేసినా బాగుండునని, ఇంత శిక్ష వద్దని మొత్తుకుంది ఆయన ప్రాణం.

గౌరమ్మ నడుం పట్టుకుని లేచింది. గడప అవతలికి జరిగి దారి ఇచ్చింది.

"రా అనంతం" అంది. "ఎండల వచ్చినవ్. లోపటికి రా తమ్మీ."

తలుపు పొట్టిది. రామకిషన్ పుస్తకాన్ని రొమ్ముకు హత్తుకుని, తల వంచి, తనది కాని పిలుపు మీద లోపలికి అడుగు పెట్టాడు.